మనసు, కరెంటు, హక్కు: ఊళ్లో మూడింటినీ ఒకే పనిగా నడపడం ఎలా

"మా సంఘానికి సోలార్ పెట్టిస్తామని ఒక సంస్థ వచ్చింది. దాంతోపాటు మానసిక ఆరోగ్యం మీద కూడా పని చెయ్యమంటున్నారు. ఈ రెండింటికీ సంబంధమేంటి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కొందరిది దీనికి తిరగేసిన ప్రశ్న: "మేం మనుషుల బాధలు వింటున్నాం. కానీ అవన్నీ చివరికి అప్పు, కరెంటు, పాస్‌బుక్ దగ్గరే తేలుతున్నాయి. ఏం చెయ్యాలి?"

రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. వికారాబాద్‌లో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ కష్టంలో ఉన్న రైతుల కోసం పెట్టింది. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ల పని ఓదార్పుతో అయిపోలేదు. భూమి రికార్డులో తప్పు, రాని పరిహారం, బ్యాంకు రుణం లాంటివి పట్టుకుని అధికారుల వెంట పడటం కూడా అందులో భాగమైంది.

ఈ మార్గదర్శి గ్రామ సంఘాలకు, యువజన సంఘాలకు, చిన్న స్వచ్ఛంద సంస్థలకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కింద ఉన్న వరస మార్చకండి. సోలార్ ఆరో అడుగులో వస్తుంది, అది కావాలనే అలా పెట్టాను. ముందే ప్యానెల్ బిగిస్తే ఊరంతా దాని చుట్టూనే మాట్లాడుతుంది, మిగతా రెండూ మూలన పడతాయి.

## 1. ముందు వాడను చూడండి

ఊరందరినీ ఒకేసారి పిలిచి రచ్చబండ దగ్గర మీటింగ్ పెట్టకండి. పెద్దవీధిలో పెట్టిన మీటింగుకు ఎస్సీ వాడ నుంచి వచ్చినవాళ్లు చివర నిలబడి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోతారు. ప్రతి వాడకూ, తండాకూ, గూడేనికీ మీరే వెళ్లండి. కూలి పనుల నుంచి వచ్చి, వంట అయ్యాక, రాత్రి ఏడున్నర ఎనిమిది మధ్యన కూర్చోండి.

సర్వే ఫారం నింపడం కంటే ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది: "రాత్రి నిద్ర సరిగా పడుతోందా? పట్టకపోతే ఎందుకు?"

డిప్రెషన్ అన్న మాట ఎత్తితే ఎవరూ నోరు విప్పరు. నిద్ర సంగతి అడిగితే అందరూ చెబుతారు. రేకుల ఇంట్లో లో వోల్టేజీకి ఫ్యాన్ తిరగదు, పిల్లలు ఏడుస్తారు. ఫైనాన్స్ వాయిదా సోమవారం కట్టాలి. మోటర్ వెయ్యడానికి అర్ధరాత్రి పొలానికి వెళ్లిన మనిషి ఇంకా రాలేదు. తాగి వచ్చి గొడవ. చిన్నకొడుకు పోయిన దగ్గర్నుంచి కన్ను మూతపడట్లేదు. ఒక్క ప్రశ్నకే మూడు విషయాలూ బయటికొస్తాయి.

చెప్పినవాటిని మూడు వరసల్లో రాసుకోండి:

- కరెంటు, పని: వోల్టేజీ, మీటర్ లేకపోవడం, చేతిపనికి కరెంటు అందకపోవడం
- కాగితం, హక్కు: పట్టా, కౌలు, పింఛను, కుల వివక్ష, రాని పరిహారం
- మనసు, ఆరోగ్యం: నిద్ర, దిగులు, తాగుడు, ఆగిపోయిన మందులు

వాడ మ్యాప్ చార్టు మీద గీసి గోడకు తగిలించొచ్చు. మీటర్ లేని ఇల్లు, బోరు, వీధి లైటు లేని మలుపు అందులో ఉండాలి. ఇంట్లో ఆత్మహత్య జరిగిన కుటుంబం, మతి స్థిమితం లేని మనిషి ఉన్న ఇల్లు ఆ చార్టు మీద ఎప్పుడూ గుర్తు పెట్టకండి. అవి ఒక్కరి దగ్గరే ఉండే నోటుబుక్‌లో, పేర్లు లేకుండా నంబర్లతో ఉండాలి.

## 2. డబ్బు చూసేవాళ్లు, బాధ వినేవాళ్లు వేరుగా ఉండాలి

ఈ మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఇదొక్కటే.

పొదుపు సంఘాలు మనకు పెద్ద బలం. కానీ వాయిదా కట్టలేని మహిళకు అదే మీటింగ్ నరకం. పది మందీ కూర్చుని "నీ వల్ల మన గ్రూపు గ్రేడు పోతోంది" అంటే ఆమె మళ్లీ రాదు. మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం వెళ్తుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో చూసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పు వసూలు చేసే మనిషే సాయంత్రం వచ్చి "ఏం బాధ వదినా, చెప్పు" అంటే ఎవరు చెబుతారు?

అందుకే మూడు జట్లు చెయ్యండి:

- వినే జట్టు: వాడకు ఇద్దరు, అందులో ఒక మగవాడు తప్పనిసరి
- కాగితాల జట్టు: ఫారాలు నింపగలిగి, మండల ఆఫీసుకు వెళ్లడానికి భయపడనివాళ్లు
- కరెంటు జట్టు: ఒక వైర్‌మన్ పని తెలిసిన కుర్రాడు, లెక్క రాయగల ఇద్దరు మహిళలు

వినే జట్టుకు ఎవరిని తీసుకోవాలి:

- [ ] పదిమందీ తమంతట తామే వెళ్లి కష్టం చెప్పుకునే మనిషేనా?
- [ ] విన్న మాట ఇంకో గుమ్మం దాటించని మనిషేనా?
- [ ] సంఘం లీడరు, వీవోఏ (పొదుపు సంఘాల లెక్కలు చూసే గ్రామ సహాయకురాలు), వడ్డీకిచ్చేవాళ్లు, పార్టీ మనిషి కాకుండా ఉన్నారా?
- [ ] ఆ వాడ మనిషేనా? పెద్దవీధి నుంచి తెచ్చి పెట్టలేదు కదా?
- [ ] నెలకు ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వగలమా?

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. కూలి మానుకుని వచ్చే మనిషితో ఉచితంగా సేవ చేయించుకుని దానికి సామాజిక న్యాయం అని పేరు పెట్టడం బాగోదు.

మగవాడు ఎందుకంటే, రైతులు ఆడవాళ్ల మీటింగుకు రారు, టీ కొట్టు దగ్గర కూర్చుంటారు. ఎరువుల కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర మాట కలపగలిగిన నడివయసు మనిషి అయితే సరిపోతాడు.

## 3. వినడం ఎలా

ఇది డాక్టర్ పని కాదు. జబ్బు పేరు పెట్టడం, మందు చెప్పడం మన జట్టు చెయ్యకూడదు. గుర్తుపట్టడం, కూర్చుని వినడం, సరైన చోటికి చేర్చడం వరకే మన వంతు. మానసిక ప్రథమ చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇదే మూడు ముక్కల్లో ఉంటుంది: చూడు, విను, కలుపు.

మామూలు ఊరి మనుషులు ఇది చెయ్యగలరా అని అనుమానం వద్దు. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఆత్మీయత అనే కార్యక్రమం ఊరి వలంటీర్లతోనే నడిచింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, దిగులు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరుకు చేర్చిన ప్రాజెక్టు కూడా జరిగింది.

శిక్షణ కోసం జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి గ్రామ సంఘం తరఫున ఉత్తరం రాయండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉండే బృందాన్ని ఒకటి రెండు రోజులు పంపమని అడగండి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త కూడా అదే శిక్షణలో కూర్చునేలా చూడండి. లేకపోతే రేపు "మా పనిలో మీరెవరు?" అన్న గొడవ వస్తుంది.

మాట ఎలా నడుస్తుందో ఒకసారి చూద్దాం. సంఘానికి రావడం మానేసిన ఒక మహిళ ఇంటికి వినే జట్టు మనిషి వెళ్లింది.

ఇలా వద్దు:

"ఏంటి వదినా, మీటింగులకి రావట్లేదు? ఊరికే ఆలోచిస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? ధైర్యంగా ఉండాలి. నీకంటే కష్టాల్లో ఉన్నోళ్లు లేరా? పిల్లల మొహం చూసి బతకాలి."

ఇలా:

"వదినా, కాస్త చిక్కావే. తింటున్నావా సరిగ్గా?"

"ఏం తింటాలే. పొయ్యి వెలిగించబుద్ధి కావట్లేదు."

"ఎన్నాళ్లనుంచి?"

"సంక్రాంతి పోయినకాడ్నుంచి."

"నిద్రో?"

"రెండింటికి మెలకువొస్తది. ఇంక పట్టదు."

ఇక్కడ ఆగాలి. వెంటనే సలహా చెప్పకుండా, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉన్నా సరే, ఆమె తర్వాతి మాట కోసం చూడాలి. సాధారణంగా అసలు సంగతి మూడో నాలుగో మాటలో బయటపడుతుంది.

రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉండటం, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, తిండి మారిపోవడం, పనికి వెళ్లలేకపోవడం ఉంటే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా దగ్గర మొదలుపెట్టండి. మొదటిసారి మీరే తోడు వెళ్లండి. చీటీ రాసిచ్చి పంపితే చాలామంది బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు ఇచ్చేసి ఊరుకోకండి. మొదటి ఫోన్ మీ ఎదురుగానే చేయించండి.

మందులు మొదలుపెట్టినవాళ్ల ఇంటికి మొదటి నెలలో వారానికోసారి వెళ్లాలి. దిగులుకు ఇచ్చే మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "పది రోజులు మింగాను, ఏం తేడా లేదు" అని మానేసేది అప్పుడే. బాగయ్యాక కూడా డాక్టర్ చెప్పేదాకా ఆపకూడదని చెప్పండి.

ఎవరైనా గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికో, దర్గాకో వెళ్తుంటే వాదన పెట్టుకోకండి. "మొక్కు తీర్చుకోండి, గురువారం డాక్టర్ దగ్గరికి కూడా వెళ్దాం" అంటే వస్తారు. కట్టేయడం, కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి జరుగుతుంటే మాత్రం ఊరుకోవద్దు.

## 4. ప్రాణం మీదికి వచ్చే సూచనలు

"నేను లేకపోతే అందరికీ బాగుంటుంది" అనడం, అప్పులు, నగలు, పిల్లల సంగతి ఉన్నట్టుండి ఒకరికి అప్పజెప్పడం, పంట సమయం కాకుండానే పురుగుమందు కొనడం. ఇవి కనిపిస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అన్నా?" అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

అవునంటే:

- [ ] ఒంటరిగా వదలకండి. రాత్రికి ఇంట్లో ఎవరు ఉంటారో అప్పుడే తేల్చండి
- [ ] పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి
- [ ] 14416కు ఫోన్ చెయ్యండి. పరిస్థితి చెయ్యి దాటితే 108
- [ ] మరుసటి రోజు ఆసుపత్రికి తోడు వెళ్లేది ఎవరో పేరుతో సహా అనుకోండి
- [ ] ఈ విషయంలో మాత్రం "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి

మందు తాగేసి ఉంటే ఉప్పునీళ్లు పోసి కక్కించే పని పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి, తాగిన డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి. లేబులు చూస్తే డాక్టరుకు ఏ మందో తెలుస్తుంది.

పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లనివాళ్లు ఇంకా ఉన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ ఒక్క ముక్క ప్రతి సంఘం మీటింగులో చెప్పండి.

తాగుడు మాన్పించేటప్పుడు ఒక జాగ్రత్త. ఏళ్లతరబడి రోజూ గట్టిగా తాగే మనిషిని ఒట్టు వేయించి ఒక్కరోజులో ఆపిస్తే ఫిట్స్ రావొచ్చు, ప్రాణానికే ముప్పు. డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446. టెలి మానస్‌కు అంకెలు దగ్గరగా ఉంటాయి, గోడ మీద రాయించేటప్పుడు పెయింటరు పక్కనే ఉండండి.

## 5. కాగితాల జట్టు పని

సగం దిగుళ్లకు మందు మండల ఆఫీసులోనే ఉంటుంది. వారంలో ఒక రోజు, ఒకే చోట, ఒకే టైముకు ఈ జట్టు కూర్చోవాలి. సంత రోజైతే మంచిది.

ఎక్కువగా వచ్చే పనులు ఇవి:

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో దీర్ఘకాల మానసిక జబ్బు కూడా ఉంది. 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే పింఛనుకు అర్హత. ఆంధ్రలో వికలాంగుల పింఛను రూ.6,000, తెలంగాణలో రూ.4,016. చాలా కుటుంబాలు కాలో చెయ్యో బాగోలేకపోతేనే సదరం అనుకుంటాయి. పాత చికిత్స చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి స్లాట్ బుక్ చెయ్యండి.

రైతు చనిపోయిన ఇల్లు. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి ఉన్న రైతు బీమా రూ.5 లక్షలు 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే, కౌలు రైతుకు రాదు. రైతు ఆత్మహత్యకు ఇచ్చే పరిహారం దారి వేరు. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి విచారణ చేస్తారు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, కౌలు, అప్పుల రుజువులు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. పరువు పోతుందని పోస్ట్‌మార్టం లేకుండా దహనం చేసేస్తే తర్వాత మనం చెయ్యగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఆ రోజు ఆ ఇంట్లో నిలబడి ఈ మాట మెల్లగా చెప్పగల మనిషి కావాలి.

కౌలు. ఆంధ్రలో పంట సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు, సీజన్ మొదట్లోనే చేయించాలి. పంట పోయాక అడిగితే భూమి యజమాని సంతకం పెట్టడు.

హింస, వివక్ష. గృహ హింసకు 181, ఎస్సీ, ఎస్టీలపై దాడులకు 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100, పిల్లలకు 1098.

ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

## 6. ఇప్పుడు సోలార్

ఎక్కడ పెట్టాలి అన్నదే ముఖ్యం. ఇళ్ల మీద పెట్టేద్దాం అని అందరూ అంటారు. ఒక్కసారి బిల్లులు తెప్పించి చూడండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లే లేని ఇంటి మీద అప్పు చేసి ప్యానెల్ పెడితే ఆ కుటుంబానికి మిగిలేది వాయిదానే. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచిత యూనిట్లు ఉన్నచోట కూడా ఇదే లెక్క. అక్కడ ప్రభుత్వమే 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టే పథకం ఉంది, పేర్లు అందులో ఎక్కించండి చాలు.

బిల్లు కట్టే ఇళ్లకైతే పీఎం సూర్యఘర్ ఉంది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30,000, మూడోదానికి రూ.18,000, మొత్తం రూ.78,000 దాకా సబ్సిడీ. ఇది ఇంటి కనెక్షన్లకే వర్తిస్తుంది. కుట్టు కేంద్రానికో, పిండి మరకో వస్తుందని ఏజెంటు చెబితే నమ్మకండి.

సంఘం డబ్బు, అప్పు పెట్టాల్సింది ఆదాయం తెచ్చే పని మీద: కుట్టు కేంద్రం, పిండి మర, మిర్చి, మునగాకు ఆరబెట్టే డ్రయర్, పగటి పూట నీళ్లిచ్చే పంపు. సోలార్ పంపును నేను మానసిక ఆరోగ్యం ఖాతాలో కూడా వేస్తాను. రైతు రాత్రి పాముల మధ్య మోటర్ దగ్గరికి వెళ్లక్కర్లేదు, పడుకుంటాడు. అటవీ హక్కు పట్టాలున్న తెలంగాణ గిరిజన రైతులకు ఇందిర సౌర గిరి జల వికాసం అనే సోలార్ పంపుల పథకం ఉంది. 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో మొదలుపెట్టారు, ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో) అడగండి.

గూడెం అడవి భూమిలో ఉంటే సోలార్ పెట్టలేం అనుకోవద్దు. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) ఊరి అవసరాలకు హెక్టారు లోపు భూమి ఇవ్వడానికి దారి ఇస్తుంది. ఆ జాబితాలో సంప్రదాయేతర ఇంధనం కూడా ఉంది. గ్రామసభ సిఫారసు తప్పనిసరి.

లెక్క ఎలా వెయ్యాలి. అయిదు కుట్టు మిషన్లున్న కేంద్రాన్ని తీసుకుందాం.

- మిషన్లు: 5 × 100 వాట్లు × 6 గంటలు = 3 యూనిట్లు
- ఇస్త్రీ పెట్టె: 1,000 వాట్లు × 1 గంట = 1 యూనిట్
- బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్లు: 2 × 30 వాట్లు × 8 గంటలు = సుమారు అర యూనిట్
- లైట్లు: 4 × 10 వాట్లు × 4 గంటలు = 0.16 యూనిట్

మొత్తం రోజుకు 4.7 యూనిట్ల దాకా. మన ఎండలో 1 కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. మబ్బు, దుమ్ము, వైర్ల నష్టం కలుపుకుని 2 కిలోవాట్లు పెట్టుకోవాలి. నీడ పడని 200 చదరపు అడుగుల కప్పు కావాలి.

ఈ లెక్కలో అందరూ మరిచిపోయేది ఇస్త్రీ పెట్టె. మిషన్లన్నీ నడుస్తుండగా దాన్ని పెడితే లోడు ఒక్కసారిగా 1,600 వాట్లు అవుతుంది, చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. 3 కేవీఏ ఇన్వర్టర్ తీసుకోండి, లేదా మధ్యాహ్నం భోజనం వేళ ఎండ బాగా ఉన్నప్పుడు ఇస్త్రీ చేసుకోండి. బ్యాటరీ మీద ఇస్త్రీ పెట్టె వద్దే వద్దు.

బ్యాటరీ అవసరమైనంతే. 12 వోల్టుల 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటుంది, ఆయుష్షు బాగుండాలంటే అందులో సగమే వాడాలి. సాయంత్రం లైట్లు, ఫ్యాన్లకు అది చాలు. ఇన్వర్టర్ 24 వోల్టులదైతే రెండు బ్యాటరీలు పెట్టాలి.

బిగించేవాళ్ల దగ్గర చూసుకోవాల్సినవి:

- [ ] మూడు కొటేషన్లు, ఒకే సామాను వివరాలతో
- [ ] ప్యానెల్ దక్షిణం వైపు, 15 నుంచి 18 డిగ్రీల వాలు
- [ ] ఎర్తింగ్, పిడుగు నిరోధకం, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్‌లు) బిల్లులో విడిగా రాసి ఉన్నాయా
- [ ] వారంటీ కార్డు సంఘం పేరు మీద ఉందా, సంస్థ పేరు మీదా
- [ ] రిపేరుకు ఎన్ని రోజుల్లో వస్తారో ఒప్పందంలో రాశారా
- [ ] మన ఇద్దరు మహిళలకు ఫ్యూజు మార్చడం, డిస్టిల్డ్ వాటర్ పోయడం చేతులతో చేయించారా

ప్యానెళ్లు పదిహేను రోజులకోసారి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తుడవండి. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు.

## 7. తాళం చెవి, వాయిదా, తీర్మానం

షెడ్డు ఎక్కడ కట్టారో, తాళం చెవి ఎవరి కొంగున ఉందో చూస్తే ఆ సోలార్ ఎవరిదో తెలిసిపోతుంది. కేంద్రం ఎస్సీ వాడలోనో, అందరూ సంకోచం లేకుండా నడిచి వెళ్లగల చోటో ఉండాలి. సర్పంచి గారి ఖాళీ గది ఉచితంగా ఇస్తామంటే నమస్కారం పెట్టి వద్దనండి. ఎన్నికల తర్వాత ఆ గది ఉండదు.

మినిట్స్ పుస్తకంలో తీర్మానం ఇలా ఉండాలి: ఆస్తి సంఘానిది. తాళాలు రెండు, వేర్వేరు వాడల్లో. మిషన్ మీద కూర్చునే వంతు చీటీ ప్రకారం. భర్త చనిపోయినవాళ్లకు, ఒంటరి మహిళలకు మొదటి వంతు. పక్కూరి కూలీ మహిళకు కూడా రేటు ఒకటే.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ధుండిలో రైతులు 2016లో సోలార్ పంపుల సహకార సంఘంగా ఏర్పడి మిగులు కరెంటును డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు అమ్మారు. ఒప్పందం సంఘం పేరు మీద ఉండటమే దానికి బలం. విడివిడిగా వెళ్తే ఆఫీసులో మన మాట వినేవాళ్లుండరు.

ఇక వాయిదా. కుట్టు పని స్కూళ్లు తెరిచే ముందు, పండగల ముందు ఉంటుంది, మిగతా రోజుల్లో పడిపోతుంది. అందుకని నెలనెలా ఒకే వాయిదా పెట్టకండి. పని ఉన్న నెలల్లో ఎక్కువ, లేని నెలల్లో వడ్డీ వరకే కట్టేలా బ్యాంకుతో, పొదుపు సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధితో ముందే మాట్లాడండి. ఒక సభ్యురాలు ఆసుపత్రిలో ఉంటే రెండు నెలలు ఆగుతామని తీర్మానంలోనే రాసుకోండి. మనసు బాగుచేయడానికి పెట్టిన సోలారే కొత్త టెన్షన్ అవ్వకూడదు.

## 8. తరచూ జరిగేవి, సరిచేసుకునే దారి

కౌన్సెలింగ్ గది అని బోర్డు పెట్టారు, ఎవరూ రావట్లేదు. బోర్డు తీసెయ్యండి. ఆ గదిలోకి వెళ్లడం చూస్తే ఊరంతా పిచ్చి అంటుంది. కుట్టు కేంద్రంలో, మర దగ్గర మామూలుగా కూర్చుని మాట్లాడే ఏర్పాటు చెయ్యండి.

వినే జట్టులో ఒకరు విన్నది బయట చెప్పారు. ఆ మనిషిని ఆ వారమే జట్టులోంచి తప్పించి, కాగితాల పనికి మార్చండి. బాధపడ్డ కుటుంబానికి మీరే వెళ్లి చెప్పండి. జాగు చేస్తే వాడ మొత్తం నోరు మూసుకుంటుంది.

వినేవాళ్లే నీరసించిపోతున్నారు. ఒకరికి అయిదారు కుటుంబాల కంటే ఎక్కువ ఇవ్వొద్దు. నెలకోసారి జిల్లా బృందం నుంచి ఒకరితో పేర్లు లేకుండా చర్చించే పూట పెట్టండి. చూస్తున్న మనిషి చనిపోతే ఆ జట్టు మనిషికి కొన్నాళ్లు సెలవిచ్చి, ఆ జట్టు మనిషి ఇంటికి మీరు వెళ్లండి.

ఇన్వర్టర్ ఆగి నెలైంది, కంపెనీ రావట్లేదు. వారంటీ కార్డు, సీరియల్ నంబరు, ఫోటోతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. డిస్కం మీటర్ సమస్యైతే 1912. మిగిలిన డబ్బంతా కంపెనీకి ముందే కట్టేయకుండా కొంత ఏడాది తర్వాత ఇస్తామని ఒప్పందంలో రాసుకుంటే ఫోన్ ఎత్తుతారు.

పెద్ద సోలార్ కంపెనీ భూములు లీజుకు అడుగుతోంది. లీజు డబ్బు పట్టా ఉన్నవాళ్లకే వస్తుంది. అక్కడ గొర్రెలు మేపేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు, కౌలు చేసేవాళ్లు ఎవరో ముందు లెక్క రాయండి, ఆ జాబితాతో గ్రామసభలో కూర్చోండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) అయితే న్యాయ సహాయం తీసుకోకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు.

## 9. నెలకోసారి చూసుకోవాల్సినవి

- [ ] కేంద్రంలో ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్ని రోజులు ఆగింది
- [ ] ఏ వాడ మహిళలు ఎన్ని రోజులు పని చేశారు
- [ ] ఎన్ని దరఖాస్తులు ఇచ్చాం, ఎన్ని తేలాయి, ఎన్నింటికి రసీదు లేదు
- [ ] ఆసుపత్రికి చేర్చినవాళ్లలో ఎంతమంది రెండోసారి వెళ్లారు
- [ ] మీటింగులకు రావడం మానేసినవాళ్లు ఎవరు, వాళ్లింటికి ఎవరు వెళ్తున్నారు
- [ ] బ్యాటరీ నిధిలో ఈ నెల డబ్బు పడిందా

బ్యాటరీ నిధికి వేరే పాస్‌బుక్ పెట్టండి. లెడ్ బ్యాటరీ నాలుగైదేళ్లకు మార్చాల్సిందే, అప్పటికి డబ్బిచ్చిన సంస్థ ఊళ్లో ఉండదు. ఇప్పటి బ్యాటరీ ధరను 48తో భాగించి, వచ్చినంత ప్రతి నెలా కేంద్రం ఆదాయంలోంచి పక్కన పెడితే సరిపోతుంది.

డబ్బిచ్చినవాళ్లు వచ్చి చూపించమంటే ప్యానెళ్లు, పుస్తకాలు, రసీదుల ఫైలు చూపించండి. ఫలానా ఆత్మహత్య జరిగిన ఇంటికి తీసుకెళ్లండి, ఆమెతో ఒక వీడియో తీసుకుంటాం అంటే కుదరదని చెప్పండి. ఆ సంగతి డబ్బు తీసుకునే రోజునే ఒప్పందంలో ఒక షరతుగా రాయించుకుంటే గుమ్మంలో నిలబడి మొహమాట పడక్కర్లేదు.